ఇరవై నాలుగు పళ్ళు

నా మొగుడు క్లెమ్ సంచిలో ఉన్ని చొక్కాలు రెండు పెట్టాను. తీశాను. మళ్ళీ పెట్టాను. ఫిబ్రవరిలో మెల్‌బోర్న్ ఎండలు మాడ్చేస్తాయని అందరూ చెప్పారు గాని, మా దీవి నుంచి వెళ్ళే ఓడ పైన గాలి ఎలా ఉంటుందో ఎవరూ చెప్పలేదు. సబ్బు, గడ్డం గీసుకునే కత్తి పెట్టాక, మాంసమూ బంగాళాదుంపా కూరి కాల్చిన పేస్టీలు గుడ్డలో చుట్టి అడుగున పెట్టాను. అడుగున నలిగిపోతాయనిపించి పైకి తీశాను. పైన ఉంటే ఎవరైనా కొట్టేస్తారని మళ్ళీ భయం.

వంటింటి గుమ్మంలో కూర్చుని ఆపిల్ కొరుకుతూ నా చెల్లెలు డల్సీ ఇదంతా చూస్తోంది.

"బావ వెళ్ళేది నాలుగు ఊళ్ళు తిరిగి సమ్మెకి మద్దతు అడగడానికక్కా. నువ్వు సర్దే తీరు చూస్తే దక్షిణ ధ్రువానికి పంపుతున్నట్టుంది."

నోరు ముయ్యమన్నాను. ఇంట్లోంచి ఎవరైనా సంచి పట్టుకుని బయటికి అడుగు పెడితే ఆ మనిషిని చూడటం అదే ఆఖరని నాకనిపిస్తుంది. అప్పుడూ అంతే, ఎనభై దాటిన ఇప్పుడూ అంతే. డల్సీకి ఆ బెంగ లేదు. ఒక్క కడుపున పుట్టాం, భయం అంతా నా వాటాకే వచ్చింది.

మౌంట్ హెస్కెత్‌లో రాగి గని తప్ప మరో బతుకు లేదు. కొలిమి పొగకు కొండల మీద చెట్లన్నీ ఎప్పుడో చచ్చిపోయాయి. ఆ జనవరిలో గని కింది అంతస్తులో పైకప్పు కూలి ఇద్దరు పోయారు. పైకప్పుకి దుంగల ఊతం పెంచమని సంఘం అడిగింది, కంపెనీ కుదరదంది. మగవాళ్ళందరూ పైకొచ్చేశారు. పంపులు తిప్పే ఆల్బీ ఒక్కడే సంఘం అనుమతితో లోపలికి వెళ్ళి వస్తున్నాడు. గనిలో ఊరే నీళ్ళు తోడకపోతే అది మునిగిపోతుంది కనుక, సమ్మెల్లో పంపుల మనిషిని వదిలెయ్యడం మా దగ్గర ఆనవాయితీ.

ఆల్బీ క్లెమ్‌కి తమ్ముడు, డల్సీకి మొగుడు. అక్కాచెల్లెళ్ళం అన్నదమ్ములను చేసుకున్నాం. రెండిళ్ళ పెరళ్ళకూ మధ్య ఒకటే చెక్క కంచె. దాంట్లో ఒక పలక ఊడదీసి దారి చేసుకున్నాం.

మా షెడ్డులో అప్పటికి సగం తయారైన బండి ఒకటుంది. గోకార్ట్ అంటారు. నీళ్ళ పైపులు అతికించిన చట్రం, గడ్డి కోసే యంత్రంలోంచి ఊడదీసిన ఇంజను, మట్టి మోసే తోపుడుబండి చక్రాలు. ఏటా ఈస్టర్ శనివారం నాడు ఇంట్లో తయారు చేసుకున్న బళ్ళతో కొండపందెం జరిగేది. సమ్మె ఉన్నా ఆపకూడదని, జనానికి కాస్త ఊపిరి ఆడుతుందని సంఘమే పట్టుబట్టింది. చట్రం పని క్లెమ్‌ది, తిరిగే భాగాలన్నీ ఆల్బీవి. తోలేది డల్సీ. నలుగురిలోకీ తేలికైన మనిషి తనే, భయం లేని మనిషీ తనే.

బస్సు దగ్గర క్లెమ్ తమ్ముడి భుజం మీద చెయ్యేసి, నేనొచ్చేసరికి ఆ పళ్ళ సంగతి తేల్చెయ్ రా అన్నాడు.

"నువ్వు గని సంగతి తేల్చుకు రా అన్నా. పళ్ళ సంగతి నేను చూసుకుంటా" అన్నాడు ఆల్బీ.

*

పళ్ళ సంగతి ఇదీ. ఇంజను మీది చిన్న చక్రానికి పన్నెండు పళ్ళు, బండి ఇరుసు మీది పెద్ద చక్రానికి నలభై ఎనిమిది. రెంటినీ చైను కలుపుతుంది. ఇంజను నాలుగు చుట్లు తిరిగితే బండి చక్రం ఒక చుట్టు తిరుగుతుంది. చదును నేల మీద అది చాలు. మా కొండకి చాలదు. ఇరుసు మీద ఇంకా పెద్ద చక్రం వేద్దామంటే అది రోడ్డు మీది రాళ్ళకు తగులుతుంది. అందుకని ఆల్బీ మధ్యలో ఇంకో ఇరుసు పెట్టాడు. ఇంజను ముందు దాన్ని తిప్పుతుంది, అది వెనకదాన్ని తిప్పుతుంది. ఆ మధ్య ఇరుసు మీద ఎన్ని పళ్ళ చక్రం ఉండాలన్నదే ప్రశ్న. పళ్ళు పెరిగితే బలం పెరుగుతుంది, వేగం తగ్గుతుంది. తగ్గితే వేగం ఉంటుంది గాని ఎత్తులో బండి చతికిలబడుతుంది.

పాత సైకిలులోది పద్దెనిమిది పళ్ళది దొరికితే అదే వేసి కొండ దగ్గరికి తీసుకెళ్ళాం. గుర్రపునాడా మలుపు దాకా డల్సీ కేకలేస్తూ పోయింది. ఆ మలుపులో రోడ్డు గోడలా లేస్తుంది. అక్కడ ఇంజను దగ్గి ఆగిపోయింది. ఆల్బీ బండి ముందుకి తాడు కట్టి, తాడుకి కమానుకాటా తగిలించి, ఇంజను నడుస్తుండగా మెల్లగా లాగుతూ మళ్ళీ ఎక్కించాడు. బండికి ఎంత సాయం కావాలో కాటా ముల్లు చెప్పింది. నేను పక్కన నడుస్తూ, బండి వెనక్కి జారితే చక్రం కింద పెట్టడానికి చేతిలో రాయి పట్టుకున్నాను. డల్సీ నా మొహం చూసి నవ్వడం ఆపలేకపోయింది.

సాయంత్రం మా వంటింటి బల్ల మీద ఆల్బీ రొట్టె చుట్టిన కాగితం పరిచి లెక్క వేశాడు. తేల్చి నా ముందుకు తోశాడు.

"వదినా, నువ్వు చదివినదానివి. తప్పుంటే చెప్పు."

నేను చదివినదాన్ని కాదు. బడి చిన్నప్పుడే మానేశాను. కార్మికుల గ్రంథాలయం ఊడవడానికి వెళ్ళి, ఊడ్చాక ఒక్కో పుస్తకం తీసి చదువుకున్నాను. త్రైరాశికం అలాగే వచ్చింది. ఆల్బీ పద్ధతి సులువుగా ఉంది. ఈ ఇంజనుతో ఆ మలుపు ఎక్కాలంటే మధ్య చక్రం మీద ప్రతి పన్ను పన్నెండు పౌండ్లు మోయగలదు. బండి నూట నలభై, డల్సీ నూట పన్నెండు, మొత్తం రెండు వందల యాభై రెండు. పన్నెండుతో భాగిస్తే ఇరవై ఒకటి.

"సరిగ్గా ఉంది" అన్నాను.

డల్సీ అంది: "సంతలో గుర్రానికి కూడా ఇన్నిసార్లు పళ్ళు లెక్కపెట్టరు."

"గుర్రమైతే గడ్డితో ఊరుకునేది" అన్నాడు ఆల్బీ, దాని చేతిలోంచి నా ఆఖరి బిస్కట్టు లాక్కుంటూ.

ఇరవై ఒక్క పళ్ళ చక్రం ఏ సైకిలుకీ ఉండదు. ఉక్కు బిళ్ళ మీద యంత్రంతో కొయ్యాలి. ఆ యంత్రం ఊరంతటికీ ఒక్కటే, అది గని మరమ్మతుల గదిలో ఉంది. ఆల్బీ రోజూ దాని పక్కనుంచే పంపుల దగ్గరికి వెళ్తాడు. మరి కొయ్యచ్చుగా అని డల్సీ అడిగింది. అతను తల అడ్డంగా ఊపాడు. సంఘం ఇచ్చిన అనుమతి పంపులకేనని, సమ్మె తీరేదాకా మిగతావాటి మీద చెయ్యి వెయ్యనని చెప్పాడు. ఆ మాట ఎంత మామూలుగా అన్నాడో నాకింకా గుర్తుంది.

*

రాడేమోనని నేను భయపడిన మనిషి తిరిగి వచ్చాడు. చొక్కాలు రెండూ మడత విప్పకుండానే తెచ్చాడు. అయితే అవతలి గడ్డ నుంచి ఒక నిర్ణయం కూడా వెంట తెచ్చాడు. మద్దతు ఇస్తామన్న సంఘాలు అక్కడ అతన్ని ఒకటే అడిగాయట: గనిలో నీళ్ళు తోడి పెడుతూ అది ఏం సమ్మె? కంపెనీకి నొప్పి ఎక్కడ? సంఘం హాల్లో సభ పెట్టారు. పంపులు కూడా ఆపాలని క్లెమ్ తనే ప్రతిపాదించాడు. చేతులు లేచాయి. ఆల్బీ చెయ్యి లేవలేదు.

ఆ సాయంత్రం ఆల్బీ కంచె సందులోంచి మా పెరట్లోకి వచ్చాడు. క్లెమ్ బండి సీటుకి చెక్క చిత్రిక పడుతున్నాడు. నేను మెట్ల దగ్గర బంగాళాదుంపలు కడుగుతున్నాను.

"నీళ్ళకి సమ్మె తెలీదన్నా" అన్నాడు ఆల్బీ. "పంపులాపితే కింది అంతస్తులు నెలలో మునుగుతాయి. గెలిచాక అందులో చేపలు పట్టుకుంటారా?"

"కంపెనీకి భయం పుట్టేది అప్పుడే."

"కంపెనీకి ఇలాంటి గనులు నాలుగున్నాయి. మనకున్నది ఒకటి."

క్లెమ్ చిత్రిక ఆపలేదు. "రేపు బయటికొస్తున్నావా, లేదా?"

"వస్తే గని పోతుంది."

"రాకపోతే నాకు తమ్ముడు పోతాడు."

ఇద్దరూ గొంతు పెంచలేదు. పెంచి ఉంటే బాగుండేది, నేను మధ్యకు వెళ్ళేదాన్ని. ఆల్బీ కాసేపు బండినే చూస్తూ నిలబడి, చైను వదులుగా ఉందని చెప్పి, వచ్చిన దారినే వెళ్ళిపోయాడు. మర్నాడు పొద్దున్నే గని గేటు దాటి పంపుల దగ్గరికి పోయాడు. క్లెమ్ సుత్తి తెచ్చి కంచె పలకను మళ్ళీ బిగించేశాడు. నాలుగు మేకులతో ఆగే పలకకి అతను ఎన్ని కొట్టాడో.

మా గని ఊళ్ళలో 'బ్లాక్' అని ఒక మాటుంది. వెలి అన్నమాట. సంఘం ఒక మనిషిని బ్లాక్ అంటే అతనితో ఎవరూ మాట్లాడరు, అతనికి ఏదీ అమ్మరు, అతని చేతి వస్తువు ముట్టరు. అతని పెళ్ళాం కూడా బ్లాకే, ఇల్లూ బ్లాకే. అది పోవడానికి ఒకటే దారి. సంఘం కమిటీ మనిషి ఎవరైనా, క్లెమ్ లాంటివాడు, ఆ బ్లాక్ వస్తువును నలుగురూ చూస్తుండగా తన చేత్తో ముట్టుకోవాలి. మా అమ్మ రోజుల్లో ఒక రొట్టెలవాణ్ణి అలా వెలివేస్తే, చాలాకాలానికి కమిటీ పెద్ద నడివీధిలో అతని బుట్టలోంచి ఒక రొట్టె తీసి తుంచుకు తిన్నాడట. మర్నాటికి అతని కొట్టు ముందు జనం బారులు తీరారట. కాగితాలూ సంతకాలూ ఉండవు. ఒక చెయ్యి చాచాలి, అంతే. ఆడవాళ్ళు ముట్టుకుంటే మాత్రం లెక్కలోకి రాదు.

ఆల్బీని బ్లాక్ అన్నారు. డల్సీ బజారుకెళ్తే కొట్టులోని మిసెస్ స్పర్లింగ్ దాని వెనక గోడ వంక చూసి, "తరవాత ఎవరమ్మా?" అనేది. తరవాత ఎవరూ ఉండేవారు కాదు. పాలవాడు వాళ్ళ గుమ్మం దాటిపోయేవాడు. చిన్నప్పటి నుంచీ దాని జుట్టు కత్తిరించే మనిషి దాన్ని చూసి తలుపు గడియ పెట్టుకుంది.

నేను దుప్పట్లతో మాట్లాడటం మొదలుపెట్టాను. కంచెకి ఇటు మా దండెం, అటు వాళ్ళది. బట్టలు ఆరేసేటప్పుడు నా దుప్పటికి నా సంగతులు చెప్పేదాన్ని. అటువైపు అది తన దుప్పటికి చెప్పుకునేది. దుప్పటితో మాట్లాడకూడదని కమిటీ ఎక్కడా చెప్పలేదు. క్లెమ్‌కి తెలుసు. పగలు పెరటి వైపు రావడం మానేశాడు, అంతే.

మొదట్లో డల్సీ నవ్వించేది. ఆ మిసెస్ స్పర్లింగ్‌కి నా వెనక గోడ మీద దేవుడు కనిపిస్తున్నాడేమో అక్కా అనేది. మార్చి సగం అయ్యేసరికి మాటలు తగ్గాయి. ఒకరోజు బట్టలన్నీ ఆరేశాక అడిగింది: "అక్కా, నేనున్నానా?"

"ఉన్నావు" అన్నాను.

"ఎవరూ చూడకపోతే అనుమానం వస్తోంది."

ఆ రోజు వాన మొదలైంది. నేను తడుస్తూ అక్కడే నిలబడ్డాను. కంచె అవతల అదీ నిలబడిందని దాని చెప్పుల కింద నీళ్ళ చప్పుడు వల్ల తెలిసింది.

*

ఈస్టర్‌కి ముందు వారం, పొద్దున్న తలుపు తీస్తే మా పెరటి మెట్టు మీద పాత న్యూస్‌పేపరులో చుట్టినది ఒకటి ఉంది. విప్పాను. పళ్ళ చక్రం. కొత్త ఉక్కు, చేతికి చల్లగా, పళ్ళ అంచులు నున్నగా ఆకురాయి పట్టి ఉన్నాయి. ఎవరు కోశారో, ఏ యంత్రం మీద కోశారో అడగక్కర్లేదు. ఆ ఉక్కు కంపెనీది, ఆ కరెంటు కంపెనీది, ఆ చెయ్యి బ్లాక్ చెయ్యి.

బట్టలు ఏమీ లేకపోయినా దండెం దగ్గరికి వెళ్ళాను. డల్సీ అప్పటికే అక్కడుంది.

"బావ దాన్ని చేత్తో తీసి బండికి బిగిస్తే మేం ఉంటాం" అంది. ఈసారి దుప్పటితో కాదు, నాతోనే. "శనివారం ఊరంతా చూస్తుందిగా. తియ్యకపోతే మంగళవారం బస్సుకి వెళ్ళిపోతాం."

"ఎక్కడికి?"

"కల్గూర్లీ. అక్కడా గనులున్నాయట."

కల్గూర్లీ అంటే ఈ దేశానికి ఆ చివర. ఓడ, రైలు, ఇంకో రైలు. కొన్నాళ్ళకి తిరిగి రావచ్చుగా అన్నాను.

"బ్లాక్ అయి వెళ్ళినవాడు ఈ ఊరు తిరిగొచ్చాడా ఎప్పుడైనా? లెక్కలదానివి నువ్వు, చెప్పు."

నేను లోపలికి వచ్చి క్లెమ్‌ని లేపాను. అతను గుమ్మంలో నిలబడి చాలాసేపు చూశాడు. తరవాత మెట్టు కింద మోకాళ్ళ మీద కూర్చుని, చేతులు రెండూ వెనక్కి పెట్టుకుని, పెదాలు కదుపుతూ పళ్ళు లెక్కపెట్టాడు. చక్రం ముట్టుకోకుండా లెక్కపెట్టడం కష్టం, ఎక్కడ మొదలెట్టావో మర్చిపోతావు. రెండోసారి మొదట్నుంచి లెక్కపెట్టాడు.

"ఇరవై నాలుగు" అన్నాడు. లేచి మోకాళ్ళు దులుపుకున్నాడు. "ఇరవై ఒకటి కావాలని తేల్చింది వాడే. చివరికి లెక్క కూడా పోయింది వాడికి."

"తోలేది డల్సీ కాదుగా ఇప్పుడు" అన్నాను. "నువ్వు."

అతను నా వంక చూశాడు. నేను బల్ల దగ్గరికి వెళ్ళి వేశాను. బండి నూట నలభై, క్లెమ్ నూట యాభై నాలుగు. కలిపి పన్నెండుతో భాగిస్తే ఇరవై నాలుగున్నర.

"అరపన్ను తేడా ఉంది" అన్నాడు, వెనకనుంచి చూస్తూ. "అరపన్ను ఎవడూ కొయ్యలేడు. వాడైతే ఇరవై అయిదు కోస్తాడు, బలం తక్కువవైపు ఎప్పుడూ పోడు. తప్పే."

ఆ మధ్యాహ్నం సంఘం సమ్మె ఇళ్ళకి సరుకులు పంచే చోటికి బంగాళాదుంపలు తూచడానికి వెళ్ళాడు. ఆ పని కమిటీలో అతనిది. తిరిగొచ్చి టోపీ తియ్యకుండానే బల్ల దగ్గర కూర్చున్నాడు. అడక్కుండానే చెప్పాడు.

"కాటా ఎక్కాను. నూట నలభై ఎనిమిది."

ఆరు పౌండ్లు చిక్కాడు. రోజూ పక్కలో పడుకునే నేను గమనించలేదు. నూట నలభై, నూట నలభై ఎనిమిది. పన్నెండుతో భాగిస్తే సరిగ్గా ఇరవై నాలుగు. కంచె అవతలివాడు గమనించాడు. చారు చల్లారిపోయింది. క్లెమ్ చెంచా పట్టుకున్నాడు గాని పళ్ళెంలో పెట్టలేదు.

"తియ్యి, క్లెమ్" అన్నాను.

"అది చక్రం కాదు విన్నీ. తీసి ఊరి ముందు బిగిస్తే నేనేం చెప్పినట్టు? వాడిదే ఒప్పని కదా? ఆ పైకప్పు కింద పోయిన ఇద్దరి ఇళ్ళకీ సమ్మె మానకండని వెళ్ళి చెప్పింది నేను. వాళ్ళ ఆడవాళ్ళు ఆ గుమ్మంలో నిలబడి నా మాట విన్నారు."

అతని దగ్గర ఆ రెండిళ్ళకి ఇచ్చిన మాట ఉంది. నా దగ్గరున్నది ఒక చెల్లెలు.

చక్రం మెట్టు మీదే ఉండిపోయింది. రోజూ వాన. రోజూ పొద్దున్నే దాన్ని తీసి, వేడి నీళ్ళతో తుడిచి, గొర్రె కొవ్వు రాసి, మళ్ళీ అక్కడే, అదే కాగితం మీద పెట్టేదాన్ని. తుప్పు పట్టనివ్వకూడదు, అతను మనసు మార్చుకున్న రోజుకి అది సిద్ధంగా ఉండాలి. క్లెమ్ బయటికెళ్ళేటప్పుడు దాన్ని దాటి వెళ్ళేవాడు. దాటేటప్పుడు ప్రతిసారీ కాలు కాస్త ఎక్కువ ఎత్తేవాడు.

*

శనివారం పొద్దున్న వాన ఆగింది. బండి మెట్ల ముందు ఉంది. పద్దెనిమిది పళ్ళ పాత చక్రం విప్పి నేల మీద పెట్టి ఉంది. విప్పింది క్లెమ్. ఎందుకు విప్పాడో నేను అడగలేదు, అడిగితే ఆగిపోతాడని. కంచె పైన డల్సీ తల కనిపిస్తోంది, ఏ పెట్టె మీదో ఎక్కి ఉంటుంది. దాని వెనక ఆల్బీ టోపీ. బండి తోసుకెళ్ళడానికి వచ్చిన హారీ స్పర్లింగ్, ఇంకో ఇద్దరు కమిటీ వాళ్ళు గేటు దగ్గర పొగ తాగుతున్నారు. చూసేవాళ్ళు సరిపోయేంతమంది ఉన్నారు.

క్లెమ్ మెట్టు దగ్గరికి వచ్చాడు. చక్రం పక్కన వంగాడు. చెయ్యి కిందికి చాచాడు.

వాళ్ళు చూస్తున్నారా అని నేను గేటు వైపు చూశాను.

అతను బూటు తాడు విప్పి కట్టుకున్నాడు. అది అంతకు ముందు ఊడి లేదు. చాలా నెమ్మదిగా, రెండు ముళ్ళు వేసి కట్టుకుని, లేచి, వెనక్కి తిరిగి, నేల మీది పాత చక్రం తీసి బండికి బిగించాడు. స్పర్లింగ్ గేటు తీశాడు. కంచె పైన తల ఎప్పుడు దిగిపోయిందో నేను చూడలేదు.

ఊరంతా కొండ రోడ్డుకి రెండు పక్కలా నిలబడింది. బళ్ళు ఒకటొకటిగా ఎక్కుతున్నాయి. క్లెమ్ వంతు వచ్చింది. కింద బాగానే లేచింది, పిల్లలు అరిచారు. గుర్రపునాడా మలుపు దగ్గర ఇంజను దగ్గింది. ఇంకోసారి దగ్గి ఆగిపోయింది. బండి వెనక్కి జారబోతే అతను దిగి భుజం పెట్టి ఆపాడు. అక్కడితో వదిలేసి పక్కకి తీసుకోవచ్చు, అందరూ అదే చేస్తారు. క్లెమ్ పక్కకి తియ్యలేదు. చచ్చిన ఇంజనుతో ఆ బండిని తోసుకుంటూ పైదాకా నడిచాడు. చొక్కా వీపుకి అంటుకుపోయింది. ఎముకలు లెక్కపెట్టచ్చు. ఎవరూ నవ్వలేదు, ఎవరూ చప్పట్లు కొట్టలేదు. జనం రోడ్డు వంక కాకుండా తమ బూట్ల వంక చూసుకున్నారు. మలుపు తిరిగాక అతను నాకు కనబడలేదు, చక్రాల కిచకిచ మాత్రం చాలాసేపు వినబడింది.

ఇంటికొచ్చాక బండిని షెడ్డులో పెట్టి తాళం వేశాడు. ఆ ఏడాది ఇక దాని మాట ఎత్తలేదు, తరవాత కూడా.

మంగళవారం నేను బస్సు దగ్గరికి వెళ్ళాను. కమిటీ వాడి పెళ్ళాం బ్లాక్ వాళ్ళను సాగనంపకూడదు. రోడ్డుకి అవతలి పక్క నిలబడి, వేరే బస్సు కోసం ఎదురుచూస్తున్నదానిలా ఉన్నాను. మా ఊరికి వేరే బస్సు లేదు. ఆల్బీ నన్ను చూసి టోపీ తీసి మళ్ళీ పెట్టుకున్నాడు. డల్సీ కిటికీ దించింది. ఏదైనా వేళాకోళం ఆడుతుందనుకున్నాను, ఆడితే నవ్వడానికి మొహం కూడా సిద్ధం చేసుకున్నాను.

"అక్కా, చలిగా ఉంది, ఇంటికి పో" అంది.

బస్సు కొండ దిగి కనబడకుండా పోయాక కూడా కాసేపు ఉన్నాను. డ్రైవరు ఏదో మర్చిపోయి వెనక్కి తిప్పవచ్చని. అలాంటివి జరుగుతాయి.

పంపులు నిలిచిపోయాయి. ఆల్బీ చెప్పినట్టే కింది అంతస్తులు మునిగాయి. కంపెనీ, క్లెమ్ చెప్పినట్టు భయపడలేదు. చలికాలంలో సమ్మె ముగిసింది, దుంగలు ఇస్తామని సంతకం పెట్టారు. దుంగలు నిలబెట్టాల్సిన అంతస్తులు నీళ్ళలో ఉన్నాయి. సగం మందిని పనిలోకి తీసుకున్నారు, క్లెమ్‌ని తీసుకోలేదు. అతను ఈ ఇల్లు వదిలి ఎక్కడికీ వెళ్ళలేదు. పదకొండేళ్ళ తరవాత ఈ ఇంట్లోనే, నా చేతుల్లోనే పోయాడు.

ఆల్బీ, డల్సీ పందొమ్మిది వందల అరవై రెండు ఏప్రిల్‌లో, ఈస్టర్ వెళ్ళిన మంగళవారం ఉదయం మౌంట్ హెస్కెత్ వదిలి వెళ్ళారు. ఇద్దరూ తిరిగి రాలేదు.